నాకు వినపడని చప్పుడు

మా పాప తన కొత్త కంప్యూటర్‌ను తనే బిగించుకుంది. అంగడాయన బిగించి ఇస్తానన్నా ఒప్పుకోలేదు. "లోపల యాడ ఏముండాదో నాకు తెలియాల భాయ్. రేపేమన్నా అయితే నేనే చూసుకోవాల కదా" అని చెప్పి, అట్టపెట్టెలన్నీ ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చేసింది.

ఒంటిపూట బడుల రోజులవి. కడప ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది, బడి గేటు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. నేను గవర్నమెంటు హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. మధ్యాహ్నం ఇంటికొచ్చి చూస్తే, ముందుగదిలో చాప పరుచుకుని, ఒళ్ళో మదర్‌బోర్డు పుస్తకం తెరిచి పెట్టుకుని, పెదవుల మధ్య చిన్న స్క్రూ పట్టుకుని కూర్చుంది. చుట్టూ థర్మాకోల్ ముక్కలు. ఫ్యాను వేస్తే అవి ఎగురుతాయని ఫ్యాను కూడా ఆపేసుకుంది. జుట్టంతా చెమటకు మెడకు అతుక్కుపోయి ఉంది. అన్నం తిందువు రమ్మంటే తల ఎత్తలేదు.

డిగ్రీ అయ్యాక పాప ఇళ్ళ ఎలివేషన్లు గీసే పని నేర్చుకుంది. ఇంకా పునాది కూడా పడని ఇల్లు, కట్టాక ఎట్లా ఉంటుందో కంప్యూటర్లో కట్టి చూపించడమే ఆ పని. గోడల రంగు, బాల్కనీ గ్రిల్లు, మెట్లమీద రాయి, సాయంత్రపు ఎండ ఏ గోడ మీద పడుతుందో అదీ. పాత లాప్‌టాప్ మీద ఆ పని చేస్తుంటే ఒక కిటికీ మార్చేలోపు నేను ఇంత పప్పు ఉడికించుకుని రావచ్చు. కర్నూలు ఇంజనీరు ఒకాయన పాప పని చూసి మెచ్చుకుని ఒక పెద్ద మేడ పని అప్పగించాడు. ఇది నచ్చితే తన పనులన్నీ ఆమెకే ఇస్తానన్నాడు. అందుకే ఈ కొత్త కంప్యూటర్.

సాయంత్రం వాళ్ళ నాయన డ్యూటీ దిగి వచ్చాడు. మా ఆయన ప్రభుత్వ బస్సు డ్రైవరు, కడప నుంచి కర్నూలు పోయే రూటు. ఖాకీ చొక్కా కూడా విప్పకముందే పాప చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"నాయనా, నువ్వే స్విచ్చి నొక్కు."

"నాకేం తెలుసు పాపా, ఏమన్నా అయితే?"

"ఏమీ కాదు. నొక్కు."

ఆయన చేతులు తువ్వాలుకు తుడుచుకుని మరీ నొక్కాడు. లోపల రంగురంగుల దీపాలు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి, తెర మీద వెలుగొచ్చింది. పాప గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని, ఆ తెర వంక చూస్తూ కూర్చుంది. నేను బిడ్డను చూస్తూ కూర్చున్నాను.

మరునాడు నేను బడి నుంచి వచ్చేసరికి ముఖం చిన్నబుచ్చుకుని ఉంది.

"మా, ఇది అరుస్తాంది."

"ఏది?"

"కంప్యూటరు. ఇల్లు తిప్పితే అరుస్తాంది."

నాకు అర్థం కాలేదు. పక్కన కుర్చీ వేసి చూపించింది. తెర మీద కర్నూలు మేడ ఉంది. మౌస్ పట్టుకుని దాన్ని గుండ్రంగా తిప్పింది. మేడ బొంగరం మాదిరి తిరిగింది. "ఇదిగో, ఇప్పుడు" అంది. మౌస్ వదిలేసింది. "ఇప్పుడు ఆగిపోయింది" అంది. మళ్ళీ తిప్పింది. "ఇనపడ్తాందా? చిమ్మెట మాదిరి, సన్నగా, సూది పెట్టి పొడిచినట్ల."

నేను చెవి క్యాబినెట్‌కు ఆనించి విన్నాను. ఫ్యాన్ల గాలి చప్పుడు వినిపించింది. స్పీకర్లలోంచి సన్నగా గుయ్‌మనే మోత వినిపించింది. అంతకుమించి ఏమీ లేదు.

"గుయ్ అంటాంది, అదేనా?"

"అది కాదుమా. అది కూడా ఉండాది గానీ, ఇది వేరే."

వాళ్ళ నాయన వచ్చాక ఆయనకూ వినిపించింది, అంటే వినిపించడానికి ప్రయత్నించింది. ఆయన కళ్ళు మూసుకుని, నోరు కొంచెం తెరిచి, శ్రద్ధగా విన్నాడు. "నాకేమీ ఇనపళ్ళేదు పాపా. కొత్త బండి కదా, కొన్నాళ్ళు తిరిగితే సర్దుకుంటాదిలే" అన్నాడు. అంగడాయనకు ఫోను చేస్తే ఫ్యానుకు వైరు తగులుతోందేమో చూడమన్నాడు. పాప మూత తీసి వైర్లన్నీ టేపుతో వెనక్కి కట్టింది. అరుపు ఆగలేదు.

రెండు మూడు రోజులకు పాప పని చేయడం తగ్గించేసింది. అరగంట కూర్చోవడం, కణతలు నొక్కుకుంటూ లేచిపోవడం. చెవుల్లో దూది పెట్టుకుని చూసింది. పాటలు పెట్టుకుని చూసింది. ఇంజనీరు ఫోను చేస్తే "చేస్తాండా సార్, అయిపోవచ్చింది" అని పెట్టేసి, నా వైపు తిరిగి అడిగింది.

"మా, నిజంగా మీకెవరికీ ఇనపళ్ళేదా? నా చెవికే ఏమన్నా అయిందంటావా?"

ఆ మాట నా మనసుకు తగిలింది. చిన్నప్పటి నుంచి లేనిది ఉందని చెప్పే పిల్ల కాదు. జ్వరమొచ్చినా మనం చెయ్యి పెట్టి చూస్తే తప్ప చెప్పేది కాదు. అట్లాంటి పిల్ల తన చెవినే తను అనుమానించుకుంటోంది.

"నీ చెవికేమీ కాలేదు. నీకు ఇనపడేది మాకు ఇనపడకపోవచ్చు. ఉండు, తేల్చేద్దాం" అన్నాను.

ధ్వని పాఠం చెప్పేటప్పుడు నేను పిల్లలకు ఏటా చెప్పే సంగతే అది. వయసు పెరిగేకొద్దీ మనిషి చెవి సన్నటి, ఎత్తైన స్వరాలను ముందు పోగొట్టుకుంటుంది. మోటు శబ్దాలు మిగులుతాయి. చెప్పడమే గానీ నా చెవి సంగతి ఎప్పుడూ చూసుకోలేదు. ఫోనులో ఒక యాప్ దించుకున్నాను. వేలితో జరిపేకొద్దీ స్వరం పైకి, ఇంకా పైకి పోతుంది. ముగ్గురం మంచం మీద కూర్చుని, వినపడినంతసేపూ చెయ్యి ఎత్తి ఉంచాలని అనుకున్నాం. ముందు మా ఆయన చెయ్యి దిగింది. ఇన్నేళ్ళు ఇంజను పక్కన కూర్చున్న చెవులు మరి. "అయిపోయిందా?" అన్నాడు, ఇంకా నాకు గట్టిగా వినపడుతుండగానే. కాసేపటికి నాకూ ఆగిపోయింది. పాప చెయ్యి మాత్రం అట్లాగే ఎత్తి ఉంది. నేను వేలు జరుపుతూనే ఉన్నాను. మా ఇద్దరికీ గదంతా నిశ్శబ్దం. పాప మొహం చిట్లించుకుని "అబ్బా, ఆపుమా" అంది.

అయినా ఇది ఒక్కటీ చాలదనిపించింది. ఆమెను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టాను. నేను మౌస్ పట్టుకున్నాను. నాకిష్టమొచ్చినప్పుడు ఇల్లు తిప్పుతాను, ఇష్టమొచ్చినప్పుడు ఆపుతాను. పాప తెర చూడకుండా చెప్పాలి. మౌస్ చప్పుడు కాకుండా కింద మెత్తటి గుడ్డ వేశాను. తిప్పాను. "వస్తాంది" అంది. ఆపాను. "ఆగింది" అంది. తిప్పినట్టే చేసి తిప్పకుండా ఊరికే ఉన్నాను. ఏమీ అనలేదు. ఎన్నిసార్లు మోసం చేద్దామని చూసినా ఒక్కసారీ తప్పలేదు. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ, చివరికి తల ఊపాడు.

"ఏమ్మే, పాప చెప్పేది నిజమే" అన్నాడు.

"నిజం కాదని నేనెప్పుడన్నా?" అన్నాను. నాకు భలే సంతోషంగా ఉంది. కంప్యూటర్‌లో లోపం బయటపడినందుకు సంతోషపడిన ఇల్లు మాదొక్కటేనేమో.

ఆ ఆదివారం ముగ్గురం పనిలో దిగాం. ఒకేసారి అన్నీ మార్చకూడదు, ఒకటి మార్చి ఏమవుతుందో చూసి తర్వాత ఇంకొకటి మార్చాలని నేను చెప్పాను. పాప ఒక్కొక్కటే విడదీసింది. ముందు స్పీకర్ల వైరు పీకేసింది. నాకు వినపడే గుయ్‌మనే మోత పోయింది. పాపకు వినపడే అరుపు పోలేదు. అప్పుడు తేలింది, మేము ఒక్కటే అనుకుంటున్నవి రెండు చప్పుళ్ళు. నాకు వినపడేది ఎప్పుడూ ఉంటుంది, ఇల్లు తిప్పినా తిప్పకపోయినా. పాపకు వినపడేది ఇల్లు తిరిగినప్పుడే వస్తుంది.

"ముందు నీదే చూద్దాంమా, సులభంగా ఉండాది" అంది పాప.

క్యాబినెట్ వెనక్కి చెయ్యి పోనిచ్చి వైరు తీయబోయాను. మోచేయి రేకుకు తగిలి జిల్లుమంది. పెద్ద షాకేమీ కాదు, చీమలు పాకినట్టు. చెప్పులు లేకుండా నేల మీద ఉన్నాను. గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "కరెంటు తీసేయ్, ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాను. ఇట్లాంటి చోట ఫిజిక్స్ టీచరుకు ఆలోచించాల్సింది పెద్దగా ఉండదు. ఎర్తింగ్ లేదు.

అది ఉండాలి మరి. ఇల్లు కట్టినప్పుడు వెనక పెరట్లో గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి, పైపు పాతి, తీగ ఇంట్లోకి లాగిన సంగతి నాకు బాగా గుర్తుంది. ఎండాకాలంలో ఆ పైపు దగ్గర నీళ్ళు పోస్తుండాలి, నేల ఆరిపోతే అది పనిచేయదు. మేము పోసేవాళ్ళం కూడా. ఎప్పటి నుంచి మానేశామో ఆలోచిస్తూ పెరట్లోకి పోయి నిలబడ్డాను. గుంత ఎక్కడా కనపడలేదు. పెరడంతా బేతంచెర్ల బండలు పరిచి ఉంది. దుమ్ము పడలేక మేమే ముచ్చటపడి పరిపించాం. పరిచినాయన గుంత మీద కూడా చక్కగా ఒక బండ వేసి, అంచులకు సిమెంటు పూసి పోయాడు. ఆ బండ మీదే మా ఆయన రోజూ కుర్చీ వేసుకుని పేపరు చదువుతాడు.

మా ఆయన పడీపడీ నవ్వాడు. "అయితే దానికి గొంతు తడవక ఎన్నాళ్ళాయనో!"

తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాం. ఆయన ముందు ప్లగ్గు దగ్గర బల్బు పెట్టి చూశాడు. ఎర్త్‌కు కలిపితే బల్బు తీగ ఎర్రగా మినుకుమినుకుమంది, అంతే. "మేడం, ఉండీ లేనట్టు ఉండాది ఎర్తు" అన్నాడు. ఆయనా, మా ఆయనా కలిసి ఉలితో సిమెంటు కొట్టి బండ లేపారు. కింద మట్టి పిండి మాదిరి ఎండిపోయి ఉంది. పైపుకు తీగ బిగించిన చోట తుప్పు పట్టి, ముట్టుకుంటే నట్టు పొడిపొడిగా రాలింది. కొత్త తీగ, కొత్త నట్టు వేశాడు. బొగ్గు, ఉప్పు మళ్ళీ నింపాడు. నేను బిందెలతో నీళ్ళు పోస్తుంటే ఆ గుంత బుడబుడమంటూ తాగుతూనే పోయింది. బిందె ఎత్తే ఓపిక నాకు పోయింది గానీ దాని దాహం తీరలేదు. చివరికి గొట్టం పెట్టి వదిలేశాం.

నీళ్ళు ఇంకాక బల్బు పెట్టి చూస్తే నిండుగా వెలిగింది. కంప్యూటర్ రేకును ఎలక్ట్రీషియన్ టెస్టర్‌తో ముట్టాడు, దీపం రాలేదు. స్పీకర్లు తగిలించాం. గుయ్ లేదు. ఎంత గట్టిగా పెట్టినా లేదు. నా చప్పుడు పోయింది. కొత్త కంప్యూటర్ వచ్చి మొరపెట్టుకోకపోతే మేము ఎర్తింగ్ లేని ఇంట్లో ఫ్రిజ్జు తలుపు తీస్తూ, వాషింగ్ మిషన్ మూత ఎత్తుతూ అట్లాగే ఉండిపోయేవాళ్ళం. 

పాప చప్పుడు మాత్రం పోలేదు.

ఎర్తింగ్‌తో అదీ పోతుందేమోనని ఆమె ఆశపడింది. మేడను తిప్పి చూసి పెదవి విరిచింది. అప్పుడు మా ఆయన దారి చూపించాడు. డిపోలో ఇంజను లోపల ఏ బేరింగు మోగుతోందో తెలుసుకోవడానికి మెకానిక్కులు పొడుగాటి రాడ్డు ఒక కొస ఇంజనుకు, ఇంకో కొస చెవికి పెట్టుకుని వింటారట. "రాడ్డు పెడితే కొంప మునుగుతాది నాయనా, అంతా కరెంటు" అంది పాప. ప్లాస్టిక్ గొట్టం అయితే ఏమీ కాదన్నాను. పెరట్లో నీళ్ళు పట్టిన గొట్టం నుంచి ఒక మూర కోసి ఇచ్చాను. క్యాబినెట్ పక్క మూత తీసి, దేనికీ తగలకుండా, పాప గొట్టం కొసను ఒక్కొక్క భాగం దగ్గర పెట్టి వినసాగింది. నేను మౌస్ పట్టుకుని ఇల్లు తిప్పుతున్నాను. మా ఆయన టార్చిలైటు పట్టుకున్నాడు. డాక్టరు దగ్గర రోగి బంధువులు నిలబడ్డట్టు మేమిద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

"ఫ్యాన్లు కాదు" అంది. కాసేపాగి, "పైన కాదు, ప్రాసెసర్ దగ్గర కాదు." ఇంకాసేపాగి, "ఈడ. ఈడ శానా గట్టిగా ఉండాది. గ్రాఫిక్స్ కార్డు దగ్గర. లేదంటే దాని కింద పవర్ సప్లై."

రెండూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. గొట్టంతో అంతకంటే తేల్చలేకపోయింది.

అక్కడి నుంచి మిగతాదంతా పాప సొంతంగా చేసింది, నా పాత్ర ఏమీ లేదు. మరుసటి రోజు నేను బడి నుంచి వచ్చేసరికి కళ్ళు మెరుస్తున్నాయి. ఇల్లు తిప్పినప్పుడు కార్డు సెకనుకు వందల బొమ్మలు గీస్తుందట, అవసరం లేకపోయినా. ఆ బొమ్మల సంఖ్యకు సెట్టింగులో హద్దు పెడితే అరుపు స్వరం కిందికి దిగి, కొంచెం నెమ్మదించిందట. హద్దు పెంచితే స్వరం పైకి పోయిందట.

"కార్డు పనెక్కువ చేసేకొద్దీ కరెంటు తొందర తొందరగా ఎక్కువ తక్కువవుతాదిమా. లోపల రాగితీగ చుట్టలుంటాయి చూడు, అవి వణుకుతాండాయి. ఆ వణుకుడే ఈ అరుపు."

నేను ఏటా బోర్డు మీద తీగచుట్ట బొమ్మ గీసి, కరెంటు మారితే ఏమవుతుందో చెబుతాను. అది పాఠం. నా బిడ్డ దాన్ని చెవితో పట్టుకుంది. నేను లోపలికి పోయి మజ్జిగ చేసి తెచ్చిచ్చాను. గటగటా తాగేసి, ఫోను నా చేతిలో పెట్టింది.

"నీకు చూపిస్తా రా. ఇనపడకపోతేనేం, కనపడ్తాది."

శబ్దాన్ని గీతలుగా చూపించే యాప్ అది. మోటు స్వరాలు ఎడమ పక్క, సన్నటివి కుడి పక్క. ఫోనును కార్డు దగ్గర పట్టుకోమంది. ఎడమ పక్క ఫ్యాన్ల చప్పుడు గడ్డి మాదిరి పొట్టిగా ఊగుతోంది. కుడి పక్క ఖాళీ. పాప ఇల్లు తిప్పింది. ఆ ఖాళీలో ఒక్కసారిగా నిటారుగా ఒక గీత లేచి నిలబడింది. మౌస్ వదిలేసింది, పడిపోయింది. మళ్ళీ తిప్పింది, లేచింది. నా చెవికి గది నిశ్శబ్దంగానే ఉంది. అన్నాళ్ళుగా నా బిడ్డను సతాయిస్తున్నది ఇదా అని దాని వంక చూస్తూ ఉండిపోయాను.

ఆ సాయంత్రమే క్యాబినెట్‌ను దుప్పట్లో చుట్టి అంగడికి తీసుకుపోయాం. అంగడాయన యాభై దాటిన మనిషి, కళ్ళద్దాలు నుదుటి మీదకు నెట్టుకుని మాట్లాడతాడు. కంప్యూటర్ పెట్టించి, చెవి ఆనించి విన్నాడు.

"మేడం, అబద్ధం ఎందుకు చెప్తా. నాకేమీ ఇనపళ్ళేదు."

"నాకూ ఇనపడదు భాయ్" అన్నాను. "పాప చూపిస్తాది, చూడు."

పాప కూలర్ ఆపమంది. ఆపాడు. అంగట్లో ఉన్న ఇద్దరు ముగ్గురూ మాటలు ఆపి దగ్గరకొచ్చారు. పాప ఫోను ఆయన చేతికిచ్చి, ఇల్లు తిప్పింది. గీత లేచింది. కళ్ళద్దాలు నుదుటి మీద నుంచి ముక్కు మీదకు దిగాయి. "ఇంకోసారి తిప్పు బేటా" అన్నాడు. తిప్పింది. "ఆపు" అన్నాడు. ఆపింది. "అరే!" అన్నాడు.

ఆపైన ఆయన్ను మేము ఒప్పించాల్సిన పనే లేకపోయింది. తనే స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. పాప వద్దని, ముందు పవర్ సప్లై ఒక్కటే మార్చమంది, కార్డు ముట్టుకోవద్దంది. "రెండూ ఒకేసారి మారిస్తే ఏది దొంగో తెలీదు భాయ్." ఆయన నవ్వి, అల్మారాలోంచి ఇంకో పవర్ సప్లై తీసి తగిలించాడు. ఇల్లు తిప్పితే గీత అట్లాగే లేచింది. పాత పవర్ సప్లైనే మళ్ళీ బిగించి, అదే రకం ఇంకో కార్డు తీసి పెట్టాడు. అందరం ఫోను మీదకు వంగాం. పాప మేడను తిప్పింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, పైకప్పు కిందికొచ్చేదాకా తిప్పింది. కుడి పక్క పొట్టిగా ఒక మొలక లాంటిది వచ్చి పోయింది, అంతే.

నేను ఫోను చూడటం మానేసి పాపను చూశాను. ఆమె ఫోను చూడటం లేదు. తల పక్కకు వంచి వింటోంది. మెల్లగా భుజాలు కిందికి దిగాయి. ఇన్నాళ్ళూ ఆ భుజాలు బిగబట్టుకుని ఉందని నాకు అప్పుడే తెలిసింది.

"పోయిందిమా" అంది.

అంగడాయన పాత కార్డును వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. "పని బాగానే చేస్తాంది కాబట్టి కంపెనీవాళ్ళు దీన్ని తప్పనరు బేటా. కొన్ని పీసులు అరుస్తాయి, కొన్ని అరవవు. అయినా నేనిచ్చిన సరుకు నీకు తలనొప్పి తెస్తే నాకు బాగుండదు. ఆ కార్డు నువ్వు తీసుకుపో. ఇది నా కంప్యూటర్లో పెట్టుకుంటా. ఈ అంగట్లో దీన్ని ఇనేటోళ్ళు ఎవరూ లేరు."

అందరం నవ్వాం. ఆయన టీ తెప్పించి, చాప మీద కూర్చుని కంప్యూటర్ బిగించుకున్నకాడి నుంచి గొట్టం పెట్టి వినేదాకా అంతా పాపతో చెప్పించుకున్నాడు. మా ఆయన డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వచ్చాడు, ఖాకీ చొక్కాతోనే. జరిగిందంతా అంగడాయనే పూసగుచ్చినట్టు చెప్పాడు. మా ఆయన ఏమీ తెలియనట్టు మొదటినుంచీ విన్నాడు, మధ్యలో "అట్లనా!" అంటూ. గొట్టం ఉపాయం తనదని ఎక్కడా చెప్పుకోలేదు. నేను చెప్పాను.

కర్నూలు మేడ పని పాప ఆ వారంలోనే ముగించింది. ఇంజనీరుకు నచ్చింది. ఇప్పుడు ఆయన పనులన్నీ పాపే చేస్తోంది. వేరే ఇంజనీర్లూ అడుగుతున్నారు.

అంగడాయన మాత్రం పాపను వదల్లేదు. ఎవరైనా కొత్త కంప్యూటర్‌లో చప్పుడు వస్తోందని చెబితే, తనకు వినపడకపోతే, పాపకు ఫోను చేస్తాడు. "బేటా, ఈడొకాయన శబ్దం వస్తాందంటాండాడు. ఒకసారి వచ్చి ఇనిపోమ్మా." పాప పోయి, గోడ వైపు తిరిగి కూర్చుని, ఒక్కొక్కటే విప్పించి చెబుతుంది. ఒకసారి ఎంత వెతికినా కంప్యూటర్లో దొరకలేదట. ఆ మనిషి ఇంటికే పోయి చూస్తే చప్పుడు చేసేది ఆ గది ఫ్యాను రెగ్యులేటరు. దాన్ని మార్పించి వచ్చింది.

మొన్న బడి పని మీద పెన్‌డ్రైవ్ కొందామని ఆ అంగడికి పోయాను. అంగడాయన ఎవరో పెద్దమనిషితో మాట్లాడుతున్నాడు. ఈ ఊళ్ళో ఎక్కడికి పోయినా నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఎవరో ఒకరు లేచి "నమస్తే టీచర్" అంటారు. ఆయన మాత్రం ఆ పెద్దమనిషితో, "నేను చెప్పలే, చెవితో పట్టేస్తాదని, ఆ పాప వాళ్ళమ్మ ఈమే" అన్నాడు.

పెద్దమనిషి నా వైపు తిరిగాడు. "ఏం చదివిందమ్మా మీ పాప? ఇంజనీరింగా?"

"కాదప్పా, బీకామ్" అన్నాను.

"మరి ఇదంతా యాడ నేర్చుకుండాది?"

నేను నోరు తెరిచేలోపే అంగడాయన జవాబు చెప్పేశాడు. "యాడ ఏంది, ఇంట్లోనే. చాప మీద కూర్చుని."

ఆ మాట పట్టుకుని నవ్వుకుంటూ ఎండలో నడుస్తూ వచ్చాను. సగం దూరం వచ్చాక పెన్‌డ్రైవ్ తీసుకోలేదని గుర్తొచ్చి, మళ్ళీ వెనక్కి పోయాను.